కొయ్య జాలీ పని సంఘం: స్థాపన – నిర్వహణ

ఆంధ్రులు ఆరంభశూరులన్న అపవాదు మనకు కొత్త కాదు. అందులో అతిశయోక్తి ఎంత ఉన్నా, మన విద్యాసంస్థలలో పుట్టి గిట్టిన సంఘాల చరిత్రను తిరగవేస్తే దానిని పూర్తిగా తోసిపుచ్చడం కష్టమే. సంఘానికి ప్రారంభోత్సవం జరుగుతుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎన్నికవుతారు. పూలదండలు పడతాయి, ఛాయాచిత్రం తీస్తారు. మరుసటి ఏడు ఆ ఛాయాచిత్రం తప్ప మరేమీ మిగలదు.

ఉద్యోగ జీవితం తొలినాళ్ళలో నేను పనిచేసిన ఒక కళాశాలలో నాకు ఇట్టి అనుభవమే కలిగింది. ఒక దాత ఉదారంగా ఇచ్చిన విద్యుత్ రంపంతో అక్కడ కొయ్యపని సంఘాన్ని ప్రారంభించాము. తొలి సమావేశానికి ముప్పయి మంది విద్యార్థులు పేర్లిచ్చారు. యంత్రం మాత్రం ఒక్కటే. రెండు గంటల సమావేశంలో ముప్పయి మంది వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలైనా అందరికీ దక్కలేదు. చొరవ గల ఇద్దరు ముగ్గురు కోశారు, తక్కినవారు చూశారు. మూడవ నెలలో బ్లేడ్లు అయిపోయాయి. కొత్తవి తెప్పించే బాధ్యత ఎవరిదో అంతకుముందు నిర్ణయించుకోలేదు. సంవత్సరాంతానికి ఆ యంత్రం మీద గుడ్డ కప్పి ఒక మూలకు నెట్టారు. ఆ సంఘానికి బాధ్యుడను నేనే గనుక ఆ వైఫల్యమూ నాదే. యంత్రం వస్తే సంఘం వస్తుందని భావించడమే నేను చేసిన పొరపాటు.

మన కళాశాలలో గత రెండేళ్ళుగా పన్నెండుమంది విద్యార్థులతో ఒక చిన్న బృందం ఈ పని నేర్చుకుంటున్నది. దానిని స్థిరమైన సంఘంగా రూపొందించి, పాత సామాను గదిని ఇప్పించవలసిందిగా పాలకవర్గాన్ని కోరి ఉన్నాము. ఈ సందర్భంలో ఆ పని ఎటువంటిది, సంఘాన్ని ఎట్లా స్థాపించాలి, స్థాపించినదానిని ఎట్లా నిలుపుకోవాలి అన్న మూడు విషయాలను విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

1. జాలీ రంపం – దాని చరిత్ర

వడ్రంగి వాడే సాధారణ రంపానికి పలక వెడల్పుగా ఉంటుంది. అందుచేత అది తిన్నగా పోగలదేగాని వంపు తిరగలేదు. పలకను సన్నని దారం వలె చేసి, రెండు కొనలను ఒక చట్రంలో బిగించి లాగితే అది ఏ దిక్కుకైనా తిరుగుతుంది. చేతితో నడిపే ఇట్టి రంపాన్ని ఆంగ్లంలో ఫ్రెట్ సా అనీ, యంత్రంతో నడిచేదానిని స్క్రోల్ సా అనీ అంటారు. దీనికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కొయ్యలో జాలీ కోయడానికి పనికివచ్చేది గనుక ఈ వ్యాసంలో దీనిని జాలీ రంపమని వ్యవహరిస్తాను. దీని బ్లేడు పొడవు సుమారు 5 అంగుళాలు. పలకకు సన్నని రంధ్రం చేసి, బ్లేడు ఒక కొనను విప్పి అందులో దూర్చి తిరిగి బిగిస్తే, అంచును తెంచకుండానే పలక నడుమ ఏ ఆకారాన్నైనా కోసి తీయవచ్చు. జాలీ పని రహస్యమంతా ఇందులోనే ఉన్నది.

ఫ్రాన్సులో పదునాలుగవ లూయీ ఆస్థానానికి పనిచేసిన ఆంద్రె షార్ల్ బూల్ (1642–1732) ఇత్తడి రేకును, తాబేటి చిప్పను ఒకదానిపై ఒకటి పేర్చి సన్నని రంపంతో ఒకేసారి కోయించేవాడు. అందువల్ల ఒకదాని నుండి తెగిన ముక్క రెండవదానిలోని ఖాళీలో సరిగ్గా అమరేది. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ పని రాజాస్థానాలు విడిచి సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో బార్న్స్ సోదరుల కంపెనీ కాలితో తొక్కి నడిపే జాలీ రంపాలను తయారు చేసింది. ఇంగ్లండులోని డీరమ్ పట్టణం నుండి 'హాబీస్' అనే వారపత్రిక 1895లో వెలువడింది. కోయవలసిన నమూనా పటాన్ని పత్రికతోపాటు పాఠకులకు ఇవ్వడం దాని విశేషం. రంపం ఒక్కటే ఇస్తే ఈ విద్య వ్యాపించదని, రంపంతోపాటు వారం వారం పాఠం కూడా అందాలని ఆ పత్రిక నిర్వాహకులు గుర్తించారు.

మన దేశంలో జాలీ అనగానే మొదట రాయి గుర్తుకు వస్తుంది. 1572–73 ప్రాంతంలో అహమదాబాదులో నిర్మింపబడిన సీదీ సయ్యద్ మసీదులో రాతి కిటికీలలో చెట్టుకొమ్మలు పెనవేసుకున్న తీరు లోకప్రసిద్ధం. హైదరాబాదులోని పాయిగా సమాధులను చూసినవారికి మన సమీపంలోనే ఎంతటి జాలీ పని ఉన్నదో తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ కొయ్యలో చేసే జాలీకి పేరుపొందింది. ఇక మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలు వేరు జాతికి చెందినవి. మొదటి రెండు చోట్ల పొణికి కర్రను చెక్కి రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్క పూస్తారు. అవి జాలీ పనులు కావు. అయినా ఆ కళాకారుల నుండి మనం నేర్వవలసిన పాఠం ఒకటున్నది. పనికి తగిన తేలిక కర్రను ఎన్నుకోవడంలోనే సగం నేర్పు ఇమిడి ఉన్నదని వారికి తరతరాలుగా తెలుసు.

2. కళాశాలలో ఈ పనికి చోటెందుకు?

పుస్తకం చదువవలసిన చోట రంపమెందుకని ప్రశ్నించే పెద్దలు ఉన్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం కొత్తగా వెదకనక్కరలేదు. స్వీడన్ దేశంలో ఒట్టో సాలమన్ (1849–1907) నాస్ అనే చోట ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పే శిక్షణాలయాన్ని నడిపాడు. సులభమైనదాని నుండి కఠినమైనదానికి క్రమంగా సాగాలన్నది, విద్యార్థి చేసే ప్రతి వస్తువూ ఇంటిలో ఉపయోగపడేదిగా ఉండాలన్నది ఆయన పద్ధతిలోని ముఖ్యసూత్రాలు. మన దేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా మహాసభ, చేతిపనిని కేంద్రంగా గల విద్యకు ప్రణాళిక రచించడానికి ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షత వహించినది 1897లో హైదరాబాదులో జన్మించి, 1967లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్. ఆ సంఘం సూచించిన వృత్తులలో నూలు వడకడం, నేత, వ్యవసాయంతోపాటు వడ్రంగం కూడా ఉన్నది.

ఇది పాఠశాల విద్యకు సంబంధించిన ప్రణాళిక గదా, కళాశాలకు ఎట్లా వర్తిస్తుందని అడుగవచ్చు. నా దృష్టిలో మన కళాశాలకే ఇది ఎక్కువగా వర్తిస్తుంది. మన విద్యార్థులలో చాలమంది చేతివృత్తుల కుటుంబాల నుండి వచ్చినవారు. వారు డిగ్రీ చదువుతున్నారంటే ఆ ఇంటిలో తొలిసారిగా ఒకరు పనిముట్టు వదలి పుస్తకం పట్టారని అర్థం. ఆ పుస్తకం పనిముట్టును చిన్నచూపు చూడడం నేర్పితే మనం ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్నవాళ్ళమవుతాము. ఈ మాటను ఊహించి వ్రాయడం లేదు. దానికి దృష్టాంతాన్ని చివరలో మనవి చేస్తాను.

3. స్థాపన

సభ్యుల సంఖ్య: తొలి ఏడు పన్నెండుమందికి మించరాదు. ముప్పయి మందిని చేర్చుకొని ఇరవై మందిని పోగొట్టుకోవడం కంటె పన్నెండుమందిని చేర్చుకొని పన్నెండుమందినీ నిలుపుకోవడం మేలు.

పనిముట్లు: యంత్రంతో ప్రారంభించరాదు. ఆరు చేతి చట్రాలు, బల్ల అంచుకు బిగించే ఆరు చెక్కలు, చేతితో తిప్పే రెండు బరమాలు, ఉప్పు కాగితం, కొలబద్దలు, వృత్తలేఖినులు ఉంటే చాలు. బల్లకు బిగించే చెక్కకు ముందు భాగాన పక్షి నోరు తెరచినట్లు ఒక గంటు ఉంటుంది. కోయవలసిన పలకను దానిపై ఆనించి, గంటు నడుమ రంపాన్ని నిలువుగా ఆడిస్తారు. పన్నెండుమందికి ఆరు చట్రాలన్నది పిసినారితనం కాదు. ఒకరు కోస్తుండగా జతగాడు పక్కనుండి గమనిస్తాడు. ఇరవై నిమిషాల కొకసారి చేతులు మారుతాయి. రెండు గంటలలో ప్రతి ఒక్కరికీ మూడు వంతులు, అనగా పూర్తిగా ఒక గంట పని దక్కుతుంది. నాలుగు నిమిషాలకూ అరువది నిమిషాలకూ గల భేదమే పాత సంఘానికీ కొత్త బృందానికీ గల భేదం. చేతి చట్రం మీద రెండు పర్యాయాలు సంపూర్ణమైన జాలీ కోసిన సభ్యులు తయారైన పిదపనే యంత్రాన్ని కోరాలి. ఈ నియమం ప్రకారం మన బృందం ఇప్పుడు ఒక యంత్రానికి అర్హత సంపాదించుకున్నది.

స్థలం, సమయం: వెలుతురు, గాలి సమృద్ధిగా ఉండి, తాళం వేసుకొనదగిన గది కావాలి. ఒక పనిని వారం వారం విప్పి సర్దవలసి వస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. సమావేశం వారంలో ఒకే రోజున, ఒకే వేళకు జరగాలి. శుక్రవారం మధ్యాహ్నపు నమాజు వేళను, దూర గ్రామాల నుండి వచ్చేవారి బస్సుల వేళలను ముందే లెక్కలోకి తీసుకోవాలి. రంజాన్ మాసంలో ఉపవాసంతో అలసిన చేతులకు సాయంకాలం రంపం ఇవ్వడం మంచిది కాదు. ఆ నెలంతా నమూనాలు గీయడానికి కేటాయించాము. పని ఆగలేదు, ప్రమాదమూ జరగలేదు.

నమోదు: కళాశాల లోపల నడిచే సంఘానికి పాలకవర్గపు అనుమతి చాలును. పట్టణంలోని వడ్రంగులను, పూర్వ విద్యార్థులను చేర్చుకొని చందాలు వసూలు చేయదలచినట్లయితే నమోదు అవసరమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు.

4. పాఠక్రమం

మొదటి పాఠం తిన్నని గీత, రెండవది వంపు, మూడవది కోణం. నాలుగవది లోపలి కోత, అయిదవది రెండు మూడు పలకలను కలిపి ఒకేసారి కోయడం, ఆరవది స్వయంగా గీసిన జాలీ. ఒక పాఠం చేతికి రానిదే తరువాతి పాఠానికి పోరాదు.

తిన్నని గీత సులభమని తోస్తుంది గాని కొత్తవారిని ఏడిపించేది అదే. బ్లేడు పళ్ళు తయారీలో ఒక పక్కకు కొంచెం అంచు లేచి ఉంటాయి. అందుచేత చాలా బ్లేడ్లు గీతను వదలి ఒక పక్కకు, సాధారణంగా కుడివైపుకు, లాగుతాయి. ఇది తెలియని విద్యార్థి తన చేతిలోనే దోషమున్నదని నమ్మి నిరుత్సాహపడతాడు. పలకను కొద్దిగా ఏటవాలుగా తిప్పి పట్టుకుంటే ఆ లాగుడు సరిపోతుంది. ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పనందువల్ల విద్యార్థులు మానిపోవడం నేను ఎరుగుదును.

కోణం వద్ద ముందుకు నెట్టడం మాని, రంపాన్ని ఉన్నచోటనే ఆడిస్తూ పలకను మెల్లగా తిప్పాలి. తొందరపడితే బ్లేడు మెలిపడి తెగుతుంది. బ్లేడు పళ్ళు ఎల్లప్పుడూ కిందికి చూడాలి. పలక మందంలో ఏ క్షణానైనా కనీసం మూడు పళ్ళు ఉండేటట్లు బ్లేడును ఎన్నుకోవాలి. బ్లేడ్లను సంఖ్యలతో గుర్తిస్తారు. సంఖ్య పెరిగిన కొలది బ్లేడు లావవుతుంది. సన్నని ప్లైవుడ్‌కు 1, 2 సంఖ్యలవి, అర అంగుళం నుండి ముప్పాతిక అంగుళం వరకు గల కర్రకు 5వ సంఖ్యది సాధారణంగా సరిపోతాయి.

లోపలి కోతలన్నీ పూర్తి అయిన తరువాతనే బయటి అంచును కోయాలి. లోపల కూడ చిన్న ఖాళీలను ముందు, పెద్ద ఖాళీలను తరువాత తీయాలి. ముందే పెద్ద ఖాళీలు తీసినట్లయితే పలక బలహీనపడి చిన్న కోతల వద్ద విరుగుతుంది.

జాలీ గీయడానికి చిత్రకారుడు కానక్కరలేదు. వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో పరిధిపై వరుసగా గుర్తులు పెడితే సరిగ్గా ఆరు బిందువులు వస్తాయి. వాటిని ఒకటి విడచి ఒకటి కలిపితే ఆరు మొనల నక్షత్రం ఏర్పడుతుంది. ఒక చతురస్రంపై మరొక చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి ఉంచితే ఎనిమిది మొనల నక్షత్రం వస్తుంది. మన కట్టడాలలోని ఎన్నో అల్లికలకు ఈ రెండే మూలాలు. గణితశాస్త్ర విద్యార్థులు ఈ సమావేశంలో తక్కినవారికి గురువులయ్యారు.

జాలీకి ప్రాణం వంటి సూత్రం ఒకటున్నది. నిలవవలసిన ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట చట్రాన్ని అంటి ఉండాలి. మన కళాశాల పేరును రెండు లిపులలోను కోయబూనినప్పుడు ఈ సూత్రం విద్యార్థులకు బాగా బోధపడింది. ఉర్దూ అక్షరాల నుక్తాలు విడి చుక్కలు. అక్షరాన్ని నిలిపి చుట్టూ కోస్తే నుక్తా రాలిపోతుంది. తెలుగులో సున్న గతి అదే. ప, హ వంటి అక్షరాలపై తలకట్టు కూడ విడిగానే ఉంటుంది. వీటన్నిటికీ సన్నని వంతెనలు కల్పించాలి, అవి చదువరి కంటికి అడ్డు రాకూడదు. ఉర్దూ విద్యార్థులు తెలుగు అక్షరానికి, తెలుగు విద్యార్థులు ఉర్దూ అక్షరానికి వంతెనలు సూచించారు. పరాయి లిపి అలవాటుగా చదివేసేది కాదు గనుక దానిలో ఏ ముక్క విడిగా ఉన్నదో ముందుగా కనిపెట్టగలిగారు. ఆ ఫలకం ఇప్పుడు గ్రంథాలయ ద్వారంపై ఉన్నది.

5. భద్రత

తక్కిన విద్యుత్ రంపాలతో పోల్చితే జాలీ రంపం సౌమ్యమైనదే. అయినా రంపం రంపమే. కింది నియమాలకు మినహాయింపు ఉండరాదు.

యంత్రం వద్ద ఒక్కరే ఉండాలి. తక్కినవారు నేలపై గీసిన తెల్ల గీత వెలుపల నిలువాలి. కండ్లకు అద్దాలు తప్పనిసరి, ఎందుకనగా తెగిన బ్లేడు ముక్క ఎటు ఎగిరేదీ ఎవరూ చెప్పలేరు. వ్రేలాడే చేతులు మడవాలి. దుపట్టాను, ఓణీని వెనుకకు గట్టిగా ముడివేసుకోవాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గును ఊడదీయాలి. ఎర్తింగు గల మూడు కాళ్ళ ప్లగ్గునే వాడాలి. వ్రేళ్ళను బ్లేడుకు ఎదురుగా గాక రెండు పక్కల ఉంచాలి.

ప్రమాదాలలో కంటికి కనిపించనిది కొయ్య పొడి. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్య పొడిని మానవులకు కాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కనుక ముక్కుకు మాస్కు ధరించాలి. పొడిని నోటితో ఊదరాదు, పొడి చీపురుతో ఊడ్చి గాలిలోకి లేపరాదు, తడిగుడ్డతో తుడవాలి. ఎం.డి.ఎఫ్. పలకల పొడి మరింత మెత్తనిది, వాటిని అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. గాలి ధారాళంగా వచ్చే గది లేకుండా వాటి జోలికి పోరాదు. మేము సామాను గదినే కోరడానికి కారణం దానికి ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండడమే.

6. లెక్కలు

బజారులో దొరికే ప్లైవుడ్ పలక సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గలది. అడుగు చదరపు ముక్కలుగా కోస్తే 32 వస్తాయి. పన్నెండుమందికి రెండేసి చొప్పున ఇచ్చినా ఇంకా ఎనిమిది మిగులుతాయి. రంపం తినివేసే మందం వల్ల ప్రతి ముక్కా అడుగుకు కొంచెం తగ్గుతుంది గనుక నమూనాలను 11 అంగుళాలకే గీయాలి. చౌకరకం ప్లైవుడ్‌లో పొరల నడుమ సందులు ఉంటాయి. సన్నని జాలీ అక్కడే విరుగుతుంది. కొనేముందు పలక నాలుగు అంచులను పరీక్షించాలి. తొలి పాఠాలకు దుకాణాలవారు పారవేసే పెట్టెల చెక్కలు, వడ్రంగుల వద్ద మిగిలే టేకు తునకలు చాలు. వాటిలోని మేకులను మాత్రం జాగ్రత్తగా తీసివేయాలి.

అసలు ఖర్చు కర్రకు కాదు, బ్లేడ్లకు. కొత్తవారి చేతిలో బ్లేడ్లు తెగడం సహజం. మొదట తెగిన ప్రతి బ్లేడుకూ కొంత జరిమానా విధించాలని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు. దానిని నేను అంగీకరించలేదు. జరిమానా పెడితే బ్లేడు తెగడం ఆగదు, తెగినట్లు చెప్పడం ఆగుతుంది. దానికి బదులు ఒక పుస్తకం పెట్టాము. తెగిన బ్లేడును తెచ్చి అప్పగించి, తేదీ, పేరు, తెగిన కారణం వ్రాసి కొత్తది పుచ్చుకోవాలి. మూడు నెలల తరువాత ఆ పుస్తకం తిరగవేస్తే సగానికి పైగా బ్లేడ్లు కోణాల వద్ద తెగినట్లు తేలింది. మూడవ పాఠాన్ని మరల చెప్పాము, ఖర్చు తగ్గింది. లెక్కల పుస్తకం దొంగను పట్టుకోవడానికే కాక ఉపాధ్యాయుని లోపాన్ని పట్టుకోవడానికి కూడ పనికివస్తుందని అప్పుడు తెలిసింది.

7. నిర్వహణ

సంఘానికి నిజమైన పరీక్ష రెండవ సంవత్సరంలో వస్తుంది. తొలి ఏటి ఉత్సాహం తరిగిపోతుంది, నేర్చిన విద్యార్థులు పై తరగతులకు పోతారు, పరీక్షలు వస్తాయి. అప్పుడు సంఘమంతా ఒక్క అధ్యాపకుని మీద ఆధారపడి ఉన్నట్లయితే అతడు బదిలీ కాగానే అది అంతరిస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. నేర్చిన ప్రతివాడూ ఒకరికి నేర్పాలి. మన బృందంలో ఒక పాఠం ముగించిన సభ్యుడు ఆ పాఠాన్ని మరొకరికి చెప్పి, అతనిచేత చేయించిన తరువాతనే తనకు ఆ పాఠం వచ్చినట్లు పుస్తకంలో వ్రాస్తాము. మొదట ఇది కాలహరణమని విసుక్కున్నవారే, చెప్పబోయినప్పుడు తమకు తెలియనిదేమిటో తెలిసిందని ఒప్పుకున్నారు.

పదవుల విషయంలో కూడ ఇదే దృష్టి ఉండాలి. అధ్యక్ష పదవికి ఎప్పుడూ కొరత లేదు. బ్లేడ్లు తెప్పించేవాడు, తాళం చెవి ఉంచుకునేవాడు, గది ఊడ్చే వంతులు చూసేవాడు, ఈ ముగ్గురూ కావాలి. ఈ బాధ్యతలు మూడు నెలల కొకసారి మారాలి. ప్రతి సమావేశం చివర పది నిమిషాలు ఎవరు చేసినది వారు అందరికీ చూపాలి. చెడిపోయినదానిని కూడ చూపాలి, అది ఎందుకు చెడిందో చెప్పాలి. సంవత్సరానికి ఒకసారి ప్రదర్శన జరపాలి. అమ్మిన వస్తువుల వల్ల వచ్చిన సొమ్ములో సగం చేసినవారికి, సగం సంఘానికి చెందాలి.

పైన చెప్పదలచిన దృష్టాంతం ఇది. మన బృందంలో బి.కాం. రెండవ సంవత్సరం చదివే ఒక విద్యార్థి ఉండేవాడు. మితభాషి. పని చక్కగా చేసేవాడు గాని తనను గురించి ఏమీ చెప్పేవాడు కాడు. ఒకనాడు ఒక చట్రంలో బ్లేడ్లు వరుసగా తెగుతున్నవి. కారణం నాకు అంతుపట్టలేదు. అతడు వచ్చి బ్లేడును తీగను మీటినట్లు వ్రేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.

"బిగువు చాలలేదు సార్. గట్టిగా మోగాలి" అన్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?" అని అడిగాను.

కొంతసేపు తల వంచుకొని, "మా నాన్నగారు పనిలోకి దిగేముందు రంపాన్ని ఇట్లాగే మీటి చూస్తారు సార్" అన్నాడు. తండ్రి వడ్రంగి అన్న మాట ఏడాదిన్నరగా అతడు తరగతిలో ఎవరికీ చెప్పలేదని తరువాత తెలిసింది.

మరుసటి వారం ఆయనను మా సమావేశానికి ఆహ్వానించాము. ఆయన మొదట కుర్చీలో కూర్చోవడానికి సంకోచించారు. "చదువుకునే పిల్లలకు నేనేం చెబుతాను సార్" అన్నారు. విద్యార్థులు బలవంతపెట్టగా కూర్చున్నారు. ఆపైన రెండు గంటలసేపు, కర్ర నార సాగిన దిక్కును కంటితో ఎట్లా పట్టాలో, వ్రేలితో ఎట్లా తెలుసుకోవాలో, ఆ దిక్కుకు అడ్డంగా సన్నని భాగం వస్తే ఎందుకు విరుగుతుందో మాకు చూపించారు. ఆయన చెప్పినదానిలో నా నమూనాలలోని తప్పులు రెండు బయటపడ్డాయి. విద్యార్థులు వాటిని గుర్తించి నా ఎదుటనే దిద్దుకున్నారు. ఆ రోజు పుస్తకంలో, పాఠం చెప్పినవారి పేరు వ్రాసే చోట, ఆ విద్యార్థి తన తండ్రి పేరును తన చేతితో వ్రాశాడు.

8. ముగింపు

కమిటీ పెద్దలకు నా విన్నపం స్వల్పమైనది. రెండు కిటికీల సామాను గది, ఒక యంత్రం, ఏటా బ్లేడ్లకు కొద్దిపాటి మొత్తం. ఈ మూడింటిలో ఏదైనా ఒకదానిని వాయిదా వేయక తప్పకపోతే యంత్రాన్ని వాయిదా వేయండి, గదిని మాత్రం ఇప్పించండి. యంత్రం లేకుండా రెండేళ్ళు నడిచాము. చోటు లేకుండా మూడవ ఏడు నడవడం కష్టం. అదేవిధంగా ప్రారంభోత్సవం ఈ సంవత్సరం జరపవద్దని కూడ మనవి చేస్తున్నాను. గది ఇచ్చిన రెండేళ్ళకు వచ్చి చూడండి. నేడు నేర్చుకుంటున్నవారు నేర్పిన విద్యార్థులు, ఆ విద్యార్థులు నేర్పిన విద్యార్థులు అక్కడ కనిపించినట్లయితే ఆనాడు పూలదండలు తెప్పించవచ్చు.

విద్యార్థులారా! డిగ్రీ మీకు ఉద్యోగాన్ని ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఈ రంపం కూడ అంతే. దీనితో అందరూ జీవనం సాగిస్తారని నేను ఆశ పెట్టను. కాని వారానికి రెండు గంటలు ఒక గీత మీద చూపు నిలిపి, తొందరపడకుండా, తెగినదానిని దాచకుండా, వచ్చినదానిని పక్కవాడికి చెబుతూ పనిచేసే అలవాటు మీరు ఏ వృత్తిలో ప్రవేశించినా వెంట వస్తుంది. మీ ఇంటిలో రంపమో, మగ్గమో, సూదిదారమో ఉన్నట్లయితే ఈ సెలవులలో ఒక పూట దాని దగ్గర కూర్చొని, మీ నాన్నగారినో అమ్మగారినో ఒక పాఠం చెప్పమని అడగండి. తిరిగి వచ్చిన తరువాత దానిని మాకు చెప్పండి. పుస్తకంలో ఆ పేరు వ్రాయడానికి చోటు ఉన్నది.